నీటికి దారివ్వాలి

డ్రైవరు సీటు వెనక కార్పెట్ మీద అరచెయ్యి ఆనించి చూడండి. పొడిగానే ఉంది. ఇప్పుడు వేళ్లతో గట్టిగా నొక్కండి. సందుల్లోంచి చల్లటి నీళ్లు ఉబికి గోళ్ల దాకా వచ్చాయి. చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంటే ముక్కిపోయిన వాసన. పైన కార్పెట్ రెండు రోజుల్లో ఆరిపోతుంది కానీ, దాని కింది మందపాటి మెత్త తాగిన నీళ్లను వారాల తరబడి వదలదు. కార్లో నీళ్లు చేరిన సంగతి చాలామందికి ముందుగా తెలిసేది ఈ వాసనతోనే.

మనం సియాటెల్‌కి ఉత్తరాన, బాతెల్‌లో, మా బావగారి గరాజ్‌లో ఉన్నాం. నవంబరు నెల. బయట ముసురు. మన తుఫాను వానలా ఒక్క రాత్రి కుమ్మరించి వెళ్లిపోయే రకం కాదిది. అక్టోబరులో పట్టుకుందంటే వసంతం దాకా సన్నగా పడుతూనే ఉంటుంది. ఇంటి చుట్టూ డగ్లస్ ఫర్ చెట్లు. వాటి సన్నటి ఆకులు గాలికి రాలి డ్రైవ్‌వే మీద, కప్పు మీద, కారు మీద పరుచుకుంటాయి. ఆ ఆకుల్ని గుర్తుపెట్టుకోండి. ఈ కథలో వాటికి పెద్ద పాత్ర ఉంది.

ట్యూబ్‌లైట్ల కింద ఉన్న కారు 1990 మోడల్ మాజ్దా మియాటా. ఎర్ర రంగు, నల్ల టాపు, రెండే సీట్లు. హెడ్‌లైట్లు బానెట్‌లోకి ముడుచుకుని ఉన్నాయి. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో ఈ కారు మొదటిసారి జనం ముందుకొచ్చింది. 1960ల నాటి బ్రిటిష్ రోడ్‌స్టర్లంటే ప్రాణం పెట్టే అమెరికన్ విలేకరి బాబ్ హాల్ వేసిన విత్తనం ఇది. తోషిహికో హిరాయ్ నాయకత్వంలో మాజ్దా ఇంజనీర్లు దాన్ని పెంచి పెద్దచేసి హిరోషిమాలో తయారుచేశారు. 1.6 లీటర్ల ఇంజను, టన్నుకు లోపే బరువు, ఇంజను శక్తి వెనక చక్రాలకు. డ్రైవరు సీట్లోంచి లేవకుండానే టాపు వెనక్కి తోసేయొచ్చు. ఈ చివరి సౌకర్యం కోసమే వాళ్లు టాపును అంత తేలిగ్గా, సాదాగా చేశారు.

కానీ గుడ్డ టాపు గుడ్డ టాపే. అద్దాల చుట్టూ ఇనప చట్రం లేదు, రబ్బరు రబ్బరుకు ఆనుకోవడమే ఆధారం. కొత్త కారులోనైనా ఏదో ఒక మూల నుంచి నీటి చుక్క లోపలికి దిగుతుంది. ఇంజనీర్లకు ఆ సంగతి బాగా తెలుసు. అందుకే లోపలికొచ్చిన నీటికి ఒక దారి కట్టి, ఎవరికీ తగలకుండా బయటికి పంపే ఏర్పాటు చేశారు. ఈ కారును బాగుచేయాలంటే ముందు ఆ దారి ఎలా వెళ్తుందో తెలియాలి.

"సిలికాన్ ట్యూబు రెండు తెచ్చానోయ్. మూలమూలా పూసేద్దామా?" అంటున్నారు బావగారు. ట్యూబులు పక్కన పెట్టమన్నాను.

టాపును విండ్‌షీల్డ్ దగ్గర పట్టి ఉంచే కొక్కేలు రెండూ వదులు చేయండి. వెనక ప్లాస్టిక్ కిటికీకి చుట్టూ జిప్పు ఉంది. ముందు దాన్ని తీసి కిటికీని నెమ్మదిగా కింద పరచాలి. ఇంత చలిలో ప్లాస్టిక్‌ను మడిస్తే పగులుతుంది. ఇప్పుడు టాపును సగం దాకా ఎత్తి పట్టుకుని, సీటు బెల్టు స్తంభం వెనక మూలలోకి టార్చి వేయండి. టాపు కింది అంచు వెంబడి, కారు అడ్డం పొడవునా ఒక ప్లాస్టిక్ దోనె వెళ్తోంది, కనిపించిందా? టాపు మీంచి, వెనక కిటికీ మీంచి జారిన నీళ్లన్నీ అందులో పడి అటూ ఇటూ మూలలకు పారుతాయి. ఒక్కో మూలలో ఒక రంధ్రం. అక్కడి నుంచి గొట్టం కారు పొట్టలోంచి దిగి వెనక చక్రానికి కాస్త ముందు నేలకు తెరుచుకుంటుంది.

చెరువుకు అలుగు ఎలాగో ఈ కారుకు ఆ రంధ్రాలు అలాగ. అలుగు పూడితే చెరువు కట్ట తెగుతుంది. ఈ రంధ్రం పూడితే దోనె నిండి, నీళ్లు సీటు వెనక్కి పొర్లి, కార్పెట్ కిందికీ, తలుపుల కింద పెట్టెలా ఉండే రేకు సిల్లుల్లోకీ చేరతాయి. పాత మియాటాల్లో వెనక చక్రం ముందు సిల్లు తుప్పు పట్టి, పెయింటు బుడగలుగా లేచి కనిపిస్తే చాలాసార్లు మూలం పైన ఈ మూలలోనే ఉంటుంది. తుప్పు లోపలి నుంచి బయటికి తింటుంది. బుడగ కంటబడేటప్పటికి లోపల రేకు సగం పోయి ఉంటుంది.

కుడి మూలలో గ్లాసుడు నీళ్లు పోశాను. కారు కింద కాంక్రీటు మీద టపటపా పడిన చప్పుడు. ఆ వైపు దారి బాగుంది. ఇప్పుడు ఎడమ మూల.

"బావగారూ, చక్రం ముందు చూడండి. ఏమన్నా వస్తోందా?"

"చుక్క లేదోయ్."

నీళ్లు రంధ్రం మూతి దగ్గరే నిలబడి ఉన్నాయి. టార్చి వెలుగులో ఆ మడుగు మీద తేలుతున్నది చూడండి: ఫర్ ఆకులు, నల్లటి మట్టి, సీటు బెల్టు నుంచి రాలిన నూగు. అన్నీ కలిసి గట్టిపడి బిరడాలా దిగబడ్డాయి. ఇక్కడ బట్టల హ్యాంగరు తీగ పెట్టి పొడవాలని ఎవరికైనా అనిపిస్తుంది. పొడవొద్దు. లోపలి గొట్టం ముప్పై ఏళ్లు దాటినది. దానికి చిల్లు పడితే నీళ్లు ఇక కంటికి కనపడని చోటికి, నేరుగా సిల్లులోకి పోతాయి. గడ్డి కోసే ట్రిమ్మరులో వేసే నైలాన్ తీగ ముక్క కోసుకుని, చివర కొంచెం గుండ్రంగా కాల్చి, వేళ్ల మధ్య తిప్పుతూ మెల్లగా దించండి. ఒకచోట మెత్తగా తగులుతుంది. అక్కడ ఆగి, తిప్పుతూ, పైకీ కిందికీ ఆడించాలి. పైన వేలెడు మురికి ఊడొచ్చింది. పేపర్ టవల్ మీద పెట్టాను. చెట్టు కింద కుళ్లిన ఆకుల వాసన. మళ్లీ తీగ దించాను. ఈసారి అడ్డం లేకుండా జారిపోయింది.

నీళ్లు పోశాను. ముందు బురద రంగు, తర్వాత టీ రంగు, తర్వాత తేట నీరు.

"వస్తోంది, వస్తోంది!" కారు కింద నుంచి బావగారి గొంతు. ముఖం మీద కొంచెం చిందినట్టుంది, చేత్తో తుడుచుకుంటూ లేచారు.

ఇంతకుముందు ఈ కారు యజమాని ఎవరో ఎడమ మూలలో టాపు అంచు వెంబడి సిలికాన్ దట్టించి వదిలేశారు. దానివల్ల దోనెలోకి దిగాల్సిన నీళ్లకు ఆ మూల అడ్డయింది. ప్లాస్టిక్ గరిటెతో గోకి, మెల్లగా లాగి తీయాలి. రబ్బరు బీడింగులకు సిలికాన్ జిగురు పూయకూడదు, పెట్రోలియం గ్రీజు కూడా పట్టించకూడదు. పెట్రోలియం తగిలితే రబ్బరు ఉబ్బి పాడవుతుంది. సిలికాన్ గ్రీజు పలచగా, గుడ్డతో రాస్తే చాలు. రబ్బరు మెత్తబడి అద్దానికి చక్కగా ఆనుతుంది.

ఇప్పుడు కార్పెట్ తీయాలి. పద్నాలుగో నంబరు పానా అందుకోండి. సీటుకు నాలుగు బోల్టులు. సీటు ఎత్తేముందు కింద ఉన్న వైర్ల కనెక్టర్లు తీయడం మరవొద్దు. ఈ కారు సీట్లలో తలకు ఆనే చోట స్పీకర్లుంటాయి, వాటి వైర్లు అవి. సీటు బయటికొచ్చింది. తలుపు గడప దగ్గర పట్టీ విప్పి, కార్పెట్ అంచు పట్టుకుని వెనక్కి మడిచాం. కింది మెత్త నానిపోయి బరువుగా ఉంది. ఇద్దరం చెరో కొస పట్టుకుని బకెట్లోకి పిండితే నల్లటి నీళ్లు ధారగా కారాయి. కింద రేకు మీద అక్కడక్కడా తుప్పు మరకలు. టార్చి పెట్టి, స్క్రూడ్రైవరు పిడితో తట్టి చూశాను. గట్టిగా మోగింది. తుప్పు పైపైనే ఉంది. ఇత్తడి బ్రష్‌తో గీకి, తుప్పు ఆపే ప్రైమరు పూస్తే ఇంకా చాలా ఏళ్లు నిలుస్తుంది.

ప్రయాణికుడి వైపు, కాళ్లు పెట్టుకునే చోట కార్పెట్ కింద రేకు మూత ఒకటి ఉంది. దాని వెనక ఇంజను కంప్యూటరు. కారులో నీళ్లు చేరడాన్ని వాసన సమస్యగా తీసుకునేవాళ్లు ఈ పెట్టెను ఒకసారి చూడాలి. ఇక్కడికి నీళ్లు చేరితే కారు ఓ ఉదయం స్టార్టవదు, కారణం వెతకడానికి నెలలు పడుతుంది. అదృష్టవశాత్తూ బావగారి కారులో ఈ వైపు పొడిగా ఉంది.

తడి కనిపించినా అది ఏ నీళ్లో ముందు తేల్చుకోవాలి. డాష్‌బోర్డు కింద తడిగా ఉండి, వేళ్లకు జిడ్డుగా తగిలి, తియ్యటి వాసన వస్తే అది వాన నీరు కాదు, హీటరులోంచి కారే కూలెంటు. వేసవిలో ఏసీ నడిపినప్పుడే ప్రయాణికుడి వైపు తడుస్తుంటే ఏసీ నీళ్లు పోయే గొట్టం పూడింది. వాన పడ్డ మర్నాడు సీట్ల వెనక తడి ఉంటే మనం ఇప్పుడు శుభ్రం చేసిన రంధ్రాలే కారణం. డిక్కీలో నీళ్లుంటే టెయిల్‌లైట్ల చుట్టూ రబ్బరు, డిక్కీ మూత మీద మూడో బ్రేకు లైటు కింద రబ్బరు, యాంటెన్నా కింద రబ్బరు వరసగా చూసుకోవాలి. ఈ కారుకు బ్యాటరీ కూడా డిక్కీలోనే, కుడి వైపున ఉంటుంది. అక్కడ తడి చేరితే బ్యాటరీ కింది రేకు తుప్పు పట్టడం మొదలవుతుంది.

మెత్తలు పూర్తిగా ఆరేదాకా కార్పెట్ మళ్లీ వేయొద్దు. గరాజ్‌లో ఒక మూల ఫ్యాను, ఇంకో మూల డీహ్యూమిడిఫయరు పెట్టాం. తొందరపడి కింద తడి ఉండగానే కప్పేస్తే బూజు మళ్లీ వస్తుంది, ఈసారి కనపడకుండా.

మిగతా చోట్ల ఎక్కడ కారుతోందో తెలియడానికి ఒకే పరీక్ష ఉంది. మీరు లోపల కూర్చోండి. తలుపులు మూసి, టాపు బిగించి, నేల మీద పాత న్యూస్‌పేపర్లు పరిచాను. పేపరు మీద ఒక్క చుక్క పడినా మచ్చగా కనబడుతుంది. బయట బావగారు తోట గొట్టం పట్టుకుని నిలబడ్డారు. నీళ్లు జోరుగా కొట్టకూడదు, వాన పడ్డట్టే జారాలి. కింది నుంచి మొదలుపెట్టాలి. ముందు తలుపు కింది భాగం, అక్కడ కాసేపు, తర్వాత అద్దం అంచు, తర్వాత విండ్‌షీల్డ్ మూల, చివరికి టాపు పైన. పై నుంచి మొదలుపెడితే ఒకేసారి అంతా తడిసి, నీళ్లు ఎక్కడ దూరాయో తెలియదు.

టాపు గుడ్డ మీద నీళ్ల చప్పుడు తల పక్కనే వినిపిస్తోంది. టార్చి మెల్లగా తిప్పండి. విండ్‌షీల్డ్ పై మూల, తలుపు అద్దం, టాపు చట్రం మూడూ కలిసే చోట ఒక చుక్క ముత్యంలా తయారవుతోంది. ఉబ్బింది. పడింది. పేపరు మీద నల్ల మచ్చ.

"ఆపండి బావగారూ, దొరికింది!"

ఆ మూలలో రబ్బరు ఏళ్ల ఒత్తిడికి చదునైపోయింది. మార్చడానికి ముందు చేయాల్సింది ఉంది. టాపు చట్రానికి బీడింగును పట్టి ఉంచే రేకు స్క్రూలు వదులు చేసి, రేకును అద్దం వైపు కొంచెం జరిపి బిగించాను. టాపు కొక్కేలను ఒకటి రెండు చుట్లు తిప్పి బిగుతు పెంచాను. మళ్లీ గొట్టం. ఈసారి చుక్క తయారవలేదు.

తర్వాత ఎడమ తలుపు. దీని కింద కార్పెట్ ఎందుకు తడిసిందో చూద్దాం. కిటికీ అద్దం తిప్పే పిడి వెనక చిన్న తీగ క్లిప్పు ఉంటుంది. దాన్ని తీయడానికి పనికొచ్చే ఉపాయం పాత గుడ్డే. గుడ్డను పిడి వెనక నుంచి దూర్చి, రెండు కొసలూ పట్టుకుని అటూ ఇటూ లాగితే క్లిప్పు టక్కున ఎగిరిపడుతుంది. ఎక్కడ పడుతుందో చూసుకోండి, గరాజ్ నేల మీద దొరకడం కష్టం. స్క్రూలు తీసి, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ క్లిప్పుల్ని ఒక్కొక్కటిగా వదిలిస్తే తలుపు ప్యానెలు ఊడొచ్చింది. దాని కింది అంచు నీళ్లకు ఉబ్బి వంకరపోయింది.

ప్యానెలు వెనక ఒక ప్లాస్టిక్ షీటు, దాని అంచుల్లో నల్లటి జిగురు. స్పీకరు బిగించేటప్పుడు ఎవరో దాన్ని చింపేశారు. చాలామంది ఈ షీటును పనికిరాని ప్యాకింగు అనుకుని పారేస్తారు. తలుపు ఎలా పని చేస్తుందో తెలిస్తే ఆ తప్పు చేయరు. వాన పడినప్పుడు అద్దం మీద జారే నీళ్లు తలుపు లోపలికి దిగుతాయి. అది లోపం కాదు, తలుపు కట్టడమే అలా ఉంటుంది. కింది అంచులో చిన్న రంధ్రాలున్నాయి, ఆ నీళ్లు అక్కడి నుంచి బయటికి పోవాలి. పోయేటప్పుడు అవి లోపలి ప్యానెలుకు, కార్పెట్‌కు తగలకుండా అడ్డం నిలిచేది ఈ షీటు. కింది రంధ్రాల్ని నైలాన్ తీగతో శుభ్రం చేశాను. మందపాటి ప్లాస్టిక్ షీటు కొలిచి కోసి, కొత్త బ్యూటైల్ జిగురు టేపుతో అతికించాం. తలుపు తెరిచి ఉండగానే అద్దం పట్టాల్లో ఎండిపోయిన గ్రీజు తుడిచి, అద్దం నడిచే ఫెల్టు దారుల్లో సిలికాన్ స్ప్రే కొట్టాను. పిడి బిగించి తిప్పి చూస్తే రెండు చేతులతో తిప్పాల్సిన అద్దం రెండు వేళ్లకే లేచింది. అద్దాన్ని పట్టి నడిపే చిన్న ప్లాస్టిక్ బుష్షులు కూడా అరిగి ఉన్నాయి. కొత్తవి వేస్తే అద్దం గడగడలాడడం పోతుంది.

గేరు రాడ్ దగ్గరికి రండి. పట్టుకుని అటూ ఇటూ ఆడించండి. వదులుగా ఉంది. ఇంజను వేడిగా ఉన్నప్పుడు ఇక్కడి నుంచి వేడి గాలి, గేరు నూనె వాసన పైకొస్తుందని బావగారి ఫిర్యాదు. నాబ్ తిప్పి తీసి, కన్సోలు విప్పితే కింద రబ్బరు తొడుగులు ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. పైది చీలిపోయి ఉంది. కిందిది ఇంకా చిన్నది, అది కూడా వలయంలా తెగిపోయింది. రోడ్డు చప్పుడు, వేడి, చక్రాలు చిందించే నీటి తుంపర అన్నిటికీ దారి ఇదే. రాడ్ అడుగున గుండ్రటి మొనను పట్టుకునే చిన్న నైలాన్ బుష్షు నా వేళ్ల మధ్య రెండు ముక్కలైంది. ఈ మూడూ కలిపినా చిన్న ఖర్చు. పదో నంబరు పానాతో బోల్టులు తీసి కొత్తవి బిగించి, రాడ్ దిగే గిన్నెలో నల్లబడిన పాత నూనె తీసి, తాజా గేరు నూనె పోశాను.

బావగారు కూర్చుని మొదటి గేరు వేశారు, రెండోది, మూడోది, మళ్లీ రెండోది. "ఇది నా కారేనా?" అన్నారు. మీరూ ఒకసారి వేసి చూడండి. మణికట్టు కొంచెం కదిలితే చాలు, గేరు తన చోట్లో టిక్కుమని పడుతుంది. 1989లో ఈ కారు నడిపినవాళ్లు ప్రేమించింది ఈ కదలికనే.

ఇక సీటు. తలుపు వైపు దిండులా ఉండాల్సిన అంచు అణిగిపోయింది. ఈ కారు చాలా కిందికి ఉంటుంది. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు మనిషి బరువంతా ఆ అంచు మీదే జారుతుంది. కవరును అడుగున పట్టి ఉంచే ఇనప రింగుల్ని కత్తిరించి, గుడ్డను వెనక్కి తిప్పితే లోపలి ఫోము పిండిలా రాలింది. అణిగిన మేరకు కోసేసి, గట్టి ఫోము ముక్క అంటించి, అసలు ఆకారానికి చెక్కాను. కవరు మాత్రం పాతదే. ముప్పై ఏళ్ల నాటి ఆ నల్ల గుడ్డ ఎక్కడా చిరగలేదు. బాగున్నదాన్ని తీసి కొత్తది వేయడం మరమ్మతు అనిపించుకోదు. అరిగినదాన్ని గుర్తించి, అరిగినంతమేరకే మార్చాలి. అప్పుడే పాత కారు పాత కారుగా మిగులుతుంది.

ఈ ఆలోచన మనకొక్కళ్లకే వచ్చింది కాదు. 2017లో మాజ్దా కంపెనీయే జపాన్‌లో ఈ మొదటి తరం మియాటాలకు పునరుద్ధరణ కార్యక్రమం ప్రకటించింది. సాఫ్ట్ టాపు, నార్డీ చెక్క స్టీరింగు, ఆనాటి టైర్లు మళ్లీ తయారు చేయించింది. 2016లో పది లక్షలవ కారు తయారైన మోడల్ ఇది. అన్ని లక్షల కార్లు అమ్మాక కూడా మొదటి తరాన్ని బతికించుకోవాలనుకున్నారంటే, అది విలువైన కారని తయారుచేసినవాళ్లే నమ్మారన్నమాట.

కార్పెట్ వేసి, సీట్లు బిగించేముందు బావగారి చేత ఒక ఒప్పందం చేయించాను. ఏటా ఆకులు రాలే కాలం ముగిశాక ఒకసారి, వేసవి వచ్చేముందు ఒకసారి రెండు మూలల్లోనూ గ్లాసుడు నీళ్లు పోసి చక్రాల ముందు చూడాలి. వైపర్ల కింది జాలీలో చేరిన ఆకులు చేత్తో తీసేయాలి. అక్కడి నుంచి కూడా నీళ్లు ముందు ఫెండర్ల వైపు పోయేందుకు దారి ఉంది. అది పూడినా నష్టం అంతే. తలుపుల కింది రంధ్రాలు, డిక్కీ మూలలు వేళ్లతో తడిమి చూడాలి. అంతా కలిపి అరగంట పని.

"సిలికాన్ ట్యూబులేం చేయమంటావు?" అని అడిగారాయన.

"బాత్రూం టైల్స్‌కి వాడండి. కారు దగ్గర మాత్రం పెట్టకండి."

పాత కారంటే ఇష్టం ఉన్నవాళ్లలో చాలామంది పెయింటు మెరుపు చూసి, చక్రాల అందం చూసి కొంటారు. కొన్నాక కారును నిలబెట్టేది మాత్రం కంటికి కనపడని ఈ రంధ్రాలు, షీట్లు, బుష్షులే. అసలు కారును తీర్చిదిద్దిన ఇంజనీరు ఏ నీటి చుక్క ఎటు పోవాలో ముందే ఆలోచించి పెట్టాడు. మన చేతికొచ్చిన కారులో ఆ ఆలోచన ఇంకా పని చేసేలా చూసుకోవడమే మన పని. మీ దగ్గర అలాంటి కారు ఉంటే, ఈ వారమే ఒక గ్లాసు నీళ్లు తీసుకుని సీటు వెనక మూలకు వెళ్లండి.